ఎండాకాలం గాలి తగ్గిస్తే టైరు బతుకుతుందా?

ప్రశ్న: మాది నల్గొండ. నేను అధ్యాపకురాలిని, ఇంట్లో కారు ఎక్కువగా నేనే నడుపుతాను. మొన్న మే నెలలో ఐదుగురం సామానుతో సహా విజయవాడలో పెళ్లికి బయలుదేరాం. సూర్యాపేట దగ్గర బంకులో ఆగినప్పుడు మా మరిది గాలి చూపించాడు. నాలుగు టైర్లలోనూ 38 ఉంది. "ఈ ఎండకు ఇంత గాలి ఉంటే పేలిపోతాయి" అని 32కి తగ్గించాడు. కోదాడ దాటిన కాసేపటికి ఎడమవైపు వెనక టైరు పేలింది. డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీలో గాలి లేదు. ఒక లారీ డ్రైవరు మా వారిని, స్టెప్నీని పంక్చర్ షాపు దాకా తీసుకెళ్లి పుణ్యం కట్టుకున్నాడు. టైరు మీద గాడులు బాగానే ఉన్నాయి. పక్కన 3817 అనే అంకె ఉంది. తలుపు దగ్గర స్టిక్కరు మీద 33 అని ఒకచోట, 36 అని ఒకచోట ఉంది. అసలు ఎంత గాలి పెట్టాలి? నైట్రోజన్ మంచిదా? టైరు నేను మార్చుకోగలనా? మా వారికీ రాదు.
– ఒక పాఠకురాలు, నల్గొండ

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట. మీ మరిదిని ఏమీ అనకండి. ఆయన చేసిన పని ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్లన్నింటిలో జరిగేదే. బంకులో కుర్రవాడు చెబుతాడు, పంక్చర్ షాపు పెద్దాయన చెబుతాడు, నలభై ఏళ్లు బండి నడిపిన మామగారూ చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే టైరు పగులుతుంది, కాబట్టి ముందే కొంత తీసేద్దాం. బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే. కానీ మన దారుల మీద కారు టైరు పేలిందంటే లోపల గాలి ఎక్కువైందని అనుమానించడం కన్నా, తక్కువైందని అనుమానించడం మేలు.

కట్టు తీగను తెంచాలంటే ఏం చేస్తాం? అటూ ఇటూ గబగబా వంచుతాం. వంచిన చోట చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ఇంకో నాలుగుసార్లు వంచితే తెగుతుంది. టైరు పక్కగోడకు జరిగేదీ అదే. చక్రం తిరుగుతున్నప్పుడు నేలను తాకిన భాగం ఒత్తుకుని, పైకి రాగానే మళ్లీ సాగుతుంది. మీ కారు స్థాయి 15 అంగుళాల చక్రం కిలోమీటరుకు ఐదు వందల సార్లకు పైగా తిరుగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో అంటే నిమిషానికి ఎనిమిది వందల పైచిలుకు వంపులు. గాలి సరిపడా ఉంటే ఆ వంపు చిన్నది. తక్కువైతే వంపు పెద్దదవుతుంది, రబ్బరు లోలోపల కాగుతుంది, దాని మధ్య ఉన్న దారాల పొరలు ఊడటం మొదలవుతుంది. పైన ఎండ, కింద కాగిన తారు, డిక్కీలో పెళ్లి సామాను తోడైతే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడు మీ 38 సంగతి. స్టిక్కరు మీది అంకెలన్నీ టైరు చల్లగా ఉన్నప్పటివి. చల్లగా అంటే బండి కనీసం మూడు గంటలు నీడన ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. మీరు సూర్యాపేట చేరేసరికి గంటకు పైగా నడిపారు. తెల్లవారి 27 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) ఉన్న టైరు, లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 38 చూపిస్తుంది. అది మామూలు పెరుగుదల. కారు తయారుచేసినవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకునే ఆ 33ను నిర్ణయించారు. మీ మరిది దాన్ని 32కి దించారు. అదే టైరు మర్నాడు తెల్లవారి చల్లబడ్డాక చూస్తే 27 ఉండేది. ఐదుగురు, సామాను ఉన్న మీ బండికి వెనక కావలసింది 36. అంటే నాలుగో వంతు గాలి తక్కువతో కోదాడ దాటారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే 38 చూసినప్పుడు అక్కడ తీయవలసింది ఏమీ లేదు, నిజానికి ఇంకో మూడు పీఎస్ఐ తక్కువే ఉంది.

మరి గాలి మరీ ఎక్కువైతే? అదీ మంచిది కాదు. టైరు మధ్యభాగం మాత్రమే నేలకు ఆని అక్కడే అరుగుతుంది, వాన పడ్డ రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. కానీ దానికీ, ఎండకు పెరిగే నాలుగైదు పీఎస్ఐకీ సంబంధం లేదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో 44 అనో 51 అనో ఒక గరిష్ఠ అంకె ఉంటుంది. అది టైరు ఓర్చుకునే హద్దు, మీరు పెట్టవలసిన గాలి కాదు. దాన్ని చూసి 44 పెట్టించేవాళ్లను కూడా చూశాను.

స్టిక్కరు మీద రెండు అంకెలు ఎందుకని అడిగారు. మీ బండిలో 33 ఒకరిద్దరు, ముగ్గురు తిరిగేటప్పటికి, 36 నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటికి. పక్కనే మనుషుల బొమ్మలు, పెట్టెల బొమ్మలు ఉంటాయి చూడండి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ విడివిడిగా ఉంటే అలాగే పాటించాలి. కొన్ని కార్లలో ఈ స్టిక్కరు డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్తంభం మీద, కొన్నింటిలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. కేపీఏ అనే లెక్కలో ఉంటే కంగారు పడకండి, 230 కేపీఏ అంటే సుమారు 33 పీఎస్ఐ, 250 అంటే 36. బంకులో కుర్రవాడు అడగకుండానే ప్రతి బండికీ 35 కొడతాడు. వాడి తప్పు లేదు, ఎవరూ అంకె చెప్పరు. మీరు చెప్పండి.

కంటితో చూసి గాలి సరిపోయిందో లేదో తేల్చగలమనే నమ్మకం కూడా వదులుకోవాలి. ఇప్పటి రేడియల్ టైర్లు గాలి నిండుగా ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తాయి. 33కీ 26కీ తేడా నా కంటికీ తెలియదు. లారీ క్లీనరు ఇనుప కడ్డీతో టైర్లను కొట్టి చప్పుడు వింటాడే, అది జంట చక్రాల్లో ఒకటి పూర్తిగా దిగిపోయిందేమో పట్టుకోవడానికి పనికొస్తుంది, కారుకు పనికిరాదు. కొన్ని వందల రూపాయలకు చేతి గేజ్ దొరుకుతుంది. అది కొనండి. టైరు ఏ లోపం లేకపోయినా నెలకు సుమారు ఒక పీఎస్ఐ వదులుకుంటుంది. అందుకే పదిహేను రోజులకు ఒకసారి, ఉదయం పాల ప్యాకెట్లు తెచ్చుకునే వేళ కొలవండి. ఒకే టైరు పదే పదే తగ్గుతుంటే మేకు దిగిందేమో చూడాలి, లేదంటే వాల్వ్ కారుతూ ఉండాలి. పంక్చర్ షాపు పెద్దాయన వాల్వ్ మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందా అని చూస్తాడు. మీరు సబ్బు నీళ్లు వాడండి. వాల్వ్ మీది చిన్న మూత పోయిందంటే దుమ్ము చేరి కారడం మొదలవుతుంది, పోయిన రోజే ఇంకొకటి పెట్టించండి.

నైట్రోజన్ గురించి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. విమానాల టైర్లలో శుద్ధమైన నైట్రోజన్ నింపడానికి మంటల భయం, తేమ వంటి బలమైన కారణాలున్నాయి. మన కార్లకు దానివల్ల నష్టమేమీ లేదు, కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, అంతే. అసలు నష్టం వేరేచోట వస్తోంది. ఆకుపచ్చ మూతలు పెట్టించుకున్నవాళ్లు, మామూలు గాలి కలిపితే పాడవుతుందేమోనని, నైట్రోజన్ దొరికే చోటు కోసం వెతుకుతూ తక్కువ గాలితో వారాలు తిరుగుతారు. నిస్సంకోచంగా కలపవచ్చు. మామూలు గాలి బంకుల్లో ఉచితంగా పట్టాలి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక ఆ 3817. అది 2017వ సంవత్సరంలో 38వ వారం, అంటే సెప్టెంబరు. టైరు పుట్టినతేదీ అన్నమాట. డీఓటీ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఈ నాలుగంకెలు ఉంటాయి. పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వింటాం, సీట్ల కవర్లు చూస్తాం, ఈ నాలుగంకెలు మాత్రం చదవం. గాడులు బాగున్నాయని మీరు రాశారు. టైరు గుండు కాకుండానే ముసలిది కావచ్చు. తక్కువ తిరిగే బండికి అదే జరుగుతుంది. ఎండకు రబ్బరు గట్టిపడి పక్కగోడల మీద సన్నని బీటలు వస్తాయి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాడి చేత చూపించాలి, పదేళ్లు నిండితే గాడులు ఎలా ఉన్నా తీసేయాలి. గాడుల లోతుకు చట్టం పెట్టిన కనీస హద్దు 1.6 మిల్లీమీటర్లు. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే హద్దు దాటినట్టే. మీ ఉత్తరం మీద ఆధారపడి చెప్పగలిగినంతవరకు, పాతబడ్డ రబ్బరు, నిండు బరువు, తగ్గించిన గాలి, ఈ మూడూ కలిశాయి. మిగిలిన మూడు టైర్ల మీద కూడా ఆ అంకెలు చదవండి. అవీ 2017వి అయితే నాలుగూ మార్చించండి. చేతిలో డబ్బు రెండింటికే ఉంటే కొత్తవి వెనక వేయించండి. ముందుకు వేయాలని చాలామంది అంటారు. కానీ ముందు చక్రాలు జారితే స్టీరింగుతో కొంత సర్దుకోగలం, వెనకవి జారితే బండి బొంగరమవుతుంది.

మీరు అడగలేదు కానీ, పేలిన క్షణంలో ఏం చేయాలో చెప్పకుండా ఉండలేను. బ్రేకు మీద గట్టిగా కాలు వేయకూడదు. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని, బండిని నేరుగా ఉంచి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీయాలి. వేగం తనంతట తాను పడిపోయాక ఎడమ అంచుకు తేవాలి. ఐదుగురూ క్షేమంగా ఉన్నారంటే మీరు అలాగే చేసి ఉంటారు.

టైరు మీరు మార్చుకోగలరా? గలరు. ఆ చక్రం బరువు 25 కిలోల బియ్యం సంచి కంటే తక్కువే. బలం కన్నా వరుస ముఖ్యం.

మొదటిది, ఎక్కడ ఆపాలి. టైరు పోతే పోతుందని చక్రం మీదే నెమ్మదిగా దొర్లించుకుంటూ అయినా సరే, రోడ్డు అంచు దాటి వెడల్పుగా, గట్టిగా, చదునుగా ఉన్న నేల మీదికి తీసుకెళ్లండి. హైవే మీద వంగి పనిచేసే మనిషికి అసలు ప్రమాదం వెనక నుంచి వచ్చే బండితోనే. కుడివైపు టైరు దిగినప్పుడు ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. నాలుగు దీపాలు మిణుకుమిణుకుమనేలా పెట్టండి. బండితో పాటు ఇచ్చిన ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక నిలబెట్టండి, హైవే మీద ఇంకా దూరం. మనవాళ్లు త్రికోణాన్ని డిక్కీలోనే ఉంచి, రాళ్లూ చెట్టు కొమ్మలూ పేర్చి, పని అయ్యాక అక్కడే వదిలేసి పోతారు. ఆ రాత్రి ఏ మోటారు సైకిలు వాడో వాటికి బలి అవుతాడు. అందరూ బండి దిగి, రోడ్డుకు దూరంగా, కంచె ఉంటే దాని అవతల నిలబడాలి. చోటు మంచిది కాదనిపించినా, చీకటి పడినా పనికి దిగవద్దు. జాతీయ రహదారుల సహాయానికి 1033 ఉంది, ఫోను చేయండి.

హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచండి. మార్చబోయే చక్రానికి మూలగా ఎదురు ఉన్న చక్రం కింద రాయి పెట్టండి. వెనక ఎడమది మారుస్తుంటే, ముందు కుడిదానికి. ఆ తర్వాత జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ముందు బండి ఎత్తాను. నట్టు తిప్పబోతే చక్రమే తిరిగింది. పక్కనే టీ తాగుతున్న ఒక ముసలాయన గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. చక్రం నేల మీద ఉన్నప్పుడే ఒక్కో నట్టును అర చుట్టు ఎడమకు వదులు చేసి వదిలేయండి. బిగుసుకుపోయి ఉంటే చేతులతో పెనుగులాడకండి. స్పానరు పిడి నట్టుకు ఎడమవైపు, నేలకు సమాంతరంగా ఉండేలా తగిలించి, దాని చివర కాలితో తొక్కండి. మీ బరువే పని చేస్తుంది. షాపుల్లో గాలి గన్నుతో నట్లను అవసరానికి మించి బిగిస్తారు. ఈసారి వెళ్లినప్పుడు చివరి బిగింపు చేతి స్పానరుతో చేయమని అడగండి.

జాకీని ఎక్కడ పడితే అక్కడ పెడితే రేకు సొట్టపోతుంది, బండి జారుతుంది. తలుపుల కింది అంచున, ముందు చక్రానికి కాస్త వెనకా, వెనక చక్రానికి కాస్త ముందూ, రెండు చిన్న గాట్ల గుర్తులు తడుముకుంటే తెలుస్తాయి. ఆ రెండు గాట్ల మధ్య జాకీ తల కూర్చోవాలి. నేల మెత్తగా ఉంటే కింద ఒక చెక్క పలక వేయండి, డిక్కీలో ఒకటి ఉంచుకుంటే అడుగు స్థలం కూడా పట్టదు. స్టెప్నీని ముందే బయటికి తీసి బండి కింద పడుకోబెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. పాత చక్రం ఊడదీయగానే స్టెప్నీని బయటికి లాగి, దాని స్థానంలో పాత చక్రాన్ని తోయండి. జాకీ మీద ఉన్న బండి కిందికి ఏ కారణంతోనూ చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు, నట్టు దొర్లి లోపలికి పోయినా సరే.

చక్రాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకుని రంధ్రాలు వెతకడం కష్టం. నేల మీద చక్రానికి ఎదురుగా కూర్చుని, స్టెప్నీని రెండు పాదాల మీదికి దొర్లించి, పాదాలతో కాస్త లేపితే దానంతట అదే సరిపోతుంది. వాల్వ్ బయటివైపు కనిపించాలి. నట్ల ఏటవాలు కొస చక్రం వైపు ఉండాలి. అన్నీ చేతితో బిగించి, చక్రం నేలకు ఆనేదాకా దించి, అప్పుడు స్పానరుతో బిగించండి. వరుసగా పక్క పక్క నట్లు కాకుండా ఒకటి, దానికి ఎదురుది, మళ్లీ ఇంకొకటి, ఇలా నక్షత్రం గీసినట్టు. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. ఈ మాట చాలామంది మరిచిపోతారు.

ఒక ఆదివారం ఉదయం ఇంటి ముందు దంపతులిద్దరూ కలిసి ఇదంతా ఒకసారి చేసి చూడండి. మొదటిసారి గంట పడుతుంది, మూడోసారికి ఇరవై నిమిషాలు. నల్గొండలో నీడన నేర్చుకున్న పని కోదాడ అవతల ఎండలో అక్కరకొస్తుంది. పాత కారు కాబట్టి జాకీ, దాన్ని తిప్పే పిడి, స్పానరు మూడూ ఉన్నాయో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

స్టెప్నీ మాట. ఆ పేరు మనది కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లి అనే ఊరి స్టెప్నీ వీధిలో 1904లో డేవిస్ సోదరులు మొదలుపెట్టిన అదనపు చక్రాల వ్యాపారం అది. ఇప్పుడు ఇంగ్లండులో ఆ మాట అంటే ఎవరికీ తెలియదు, మన పంక్చర్ షాపుల్లో మాత్రం అచ్చ తెలుగు మాటలా నిలిచిపోయింది. మాటను కాపాడుకున్నాం, అందులో గాలిని కాపాడలేదు. మిగతా నాలుగింటితో పాటు దీన్నీ కొలవండి, నిండు బరువుకు చెప్పిన అంకె పెట్టి ఉంచండి. చాలా కార్లలో స్టెప్నీ మిగతా వాటి కన్నా చిన్న చక్రం. దాని మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని రాసి ఉంటే నిజంగానే దాటవద్దు, ఊరు చేరగానే అసలు టైరు వేయించండి. సన్నగా బొమ్మ చక్రంలా ఉండే రకమైతే దానికి 60 పీఎస్ఐ దాకా కావాలి, అంకె దాని మీదే ఉంటుంది. 2020లో వచ్చిన సవరణ ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చర్ సరిచేసే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆ కిట్టు మేకు గుచ్చుకున్నప్పుడు ఆదుకుంటుంది, పేలిపోయిన మీ టైరు లాంటిదాన్ని ఏమీ చేయలేదు. స్టెప్నీ ఉన్న బండి మీది, దాన్ని అలాగే ఉంచుకోండి.

మీరు కొనబోయే గేజ్‌ను మీ మరిది చేతికే ఇవ్వండి. ఆయనకు ఆసక్తి ఉంది, అది వృథా కాకూడదు. మళ్లీ ప్రయాణం పెట్టుకున్న రోజు తెల్లవారుజామున, బండి తాళం తిప్పకముందే, ఆయనే కొలిచి కాగితం మీద రాయాలి. ఐదు అంకెలు, స్టెప్నీతో కలిపి.